శుక్రవారం పంపకూడదు, శనివారం కొనకూడదు

హలో… అన్నా? …ఆ, నేనేన్నా, రాఘవను.

వినపడతాందా? …ఆ సన్నాయోళ్ల దగ్గర నుంచి రొంత పక్కకు రా. …ఇంగా పక్కకు. …ఆ, ఇప్పుడు మేలు. అయిందా వ్రతం? …బాగుండాదా ఇల్లు? …మంచిదేలే. వదిన తమ్మునికి ఇన్నేండ్లకు బద్వేల్లో సొంతిల్లు అమరిందంటే మనకూ సంతోషమే గదా.

…లేదు, అన్నం తినల్యా. …ఇంటికాడ లేను. …అంగట్లోనూ లేను. సీక్యాంపు ఇంట్లో ఉండా.

మనం బాడిగకిచ్చిన ఇల్లన్నా. పైభాగం. …ఆ, రత్నమణి టీచరమ్మ వాళ్లుండేది. ఏసీ చూపిద్దామని మాబాషాను పిల్చుకొని వచ్చినా. …మెకానిక్కు మాబాషా, ఇంగే మాబాషా? …వాడు పోయినాడు. వాడు చూసి, చెప్పి, టీ తాగి పోయినాడు.

నేనే పోలేదు.

…పోలేదంటే, పోలేనన్నా. గడియ పెట్టినారు.

…బయట నుంచి.

…రూముకు. ఏసీ ఉండే రూముకు. నేను లోపల ఉండా, గడియ బయట ఉండాది. …ఇంగెట్ల చెప్పాల నీకు? టీచరమ్మ నన్ను రూములో పెట్టి గడియ వేసింది!

…నవ్వద్దు.

…అన్నా, నవ్వద్దంటే. …వదినకు చెప్పద్దు, నీకు దండం పెడ్తా. …చెప్పేసినావా. …సరే. ఆమెను కూడ నవ్వనీ.

అయిందా? …అయిందా నవ్వడం?

మెల్లగ మాట్లాడన్నా. ఇది చైనా ఫోను. నువ్వు బద్వేల్లో మాట్లాడితే ఈడ రూమంతా వినపడతాంది. …తగ్గించేకి రాదు, ఆ మీట ఊడిపోయి శానా దినాలైంది. …సరే, కొత్తది కొంటాలే. నువ్వు వచ్చినాక అడిగి కొంటా.

ఎందుకు పెట్టిందా గడియ? ఏసీ కోసమే. పోయిన ఎండాకాలం ఏమంటిని? "మా అన్నను అడిగి చెప్తా టీచరమ్మా" అంటిని. అంతకుముందు ఎండాకాలం కూడ అదే అంటిని. ఇయ్యాల మాబాషా మెట్లు దిగినాడో లేదో, నోట్లో నుంచి మళ్ల అదే మాట వచ్చింది. అలవాటు గదా. ఆయమ్మ నా ముఖం చూసింది. "అట్లే కానీయండి శెట్టిగారూ, అడగండి. ఈడ్నే కూర్చోని అడగండి. బాగు చేపిస్తారా, కొత్తది పెట్టిస్తారా, రెండిట్లో ఒకటి తేలినాక తలుపు తీస్తా" అనింది. అని, గడియ పెట్టింది.

…కోపంగా కాదు. కోపంగా అయితే నేనూ కోపంగా ఏదో ఒకటి అందును. శానా నెమ్మదిగా. బళ్లో పిల్లోళ్లకు లెక్క చెప్పినట్టు. ముందర ప్రార్థన చేసుకొనే ఈ పనికి దిగినానంటాంది. ప్రార్థన చేసుకొని పెట్టిన గడియను నేనేం చేయాల?

…కిటికీ ఉండాది. కడ్డీలున్నాయి. …కనపడతాంది. వరండాలో గోనెపట్ట పర్చుకొని చింతపండు గింజ తీస్తాంది. ఇటు చూడనే చూడదు.

…అరవను. ఎట్ల అరిచేది? అరిస్తే కిందోళ్లు వస్తారు, ఎదురింటోళ్లు వస్తారు. శెట్టిని రూములో వేసి గడియ పెట్టినారంట అని ఊరంతా అనుకుంటే రేపు నేను అంగట్లో కూర్చోవాల్నా వద్దా? చీరలు చూసేకి కాదు, నన్ను చూసేకి వస్తారు జనం.

…పోలీసులా? ఏమని చెప్పాల? బాడిగకుండే ఆయమ్మ "మా అన్నను అడిగి చెప్పమని" నన్ను కూర్చోబెట్టింది సార్, అనా? …నువ్వు గమ్మునుండన్నా.

ఒక్కణ్నే కాదు. ఆయప్ప ఉండాడు. …యేసుప్రసాదు. టీచరమ్మ భర్త. బేతంచెర్ల నాపరాళ్ల ఫ్యాక్టరీలో బండ మీద పడి మంచాన పడ్లా? ఆయప్పే. ఈ రూమే ఆయప్పది. …అడిగినా, అడిగినా. "ఎట్లుండావప్పా ప్రసాదూ" అంటే "మీతో పాటే ఉండా శెట్టిగారూ" అన్నాడు. నవ్వుతాండాడు. ఆయప్ప కూడ గడియ లోపలే గదా. ఇద్దర్నీ కలిపి పెట్టింది మహాతల్లి.

— ఏం లేదులేప్పా, మా అన్న. నిన్నే అడుగుతాండాడు, ఎట్లుండావని.

…ఉడుకా? ఏం చెప్పమంటావు. పైన కప్పు, కప్పు మీద ఎండ, మధ్యలో ఇంగేం లేదు. గోడకు ఆనుకుంటే వీపు కాల్తాంది. ఫ్యాను తిరుగుతాంది, ఎందుకు తిరుగుతాందో దానికే తెలీదు. పొయ్యి ముందర కూర్చోని విసనకర్ర విసిరినట్టుండాది. …చొక్కానా? ఎప్పుడో విప్పేసినా. బనీను మీద ఉండా. బనీను కూడ పిండొచ్చు.

నీకొక వింత చెప్తా, విను. నేనేమో ఇట్ల తడిసి ముద్దయితినా? ఆయప్పకు చెమట ల్యా. …నిజంగానన్నా. ముఖాన రొంత తడి, అంతే. రొమ్ము, పొట్ట, కాళ్లు, అంతా పొడిగా ఉండాది. హాయిగా పండుకోనుండాడు. …అదే నేనూ అనుకుంటి. అలవాటైపోయినట్టుంది. …ఆ, మనమే అంగట్లో ఏసీ కింద కూర్చోని కూర్చోని సున్నితమైపోతిమి. …అట్లని ఏసీ అక్కర్లేదని నేననల్యా. నువ్వు నా మాట పట్టుకోని పోవద్దు.

హలో? …హలో? …అన్నా?

…లేదన్నా, నేను పెట్టల్యా. సిగ్నలు పోయింది. …నువ్వు పెట్టకుండా నేనెట్ల పెడ్తా ఫోను? ఇంతవరకూ ఎప్పుడన్నా పెట్టినానా? …అదే. సిగ్నలే.

సరే, అసలు సంగతికొస్తా. మాబాషా ఏం చెప్పినాడంటే, కంప్రెసరు పోయింది.

…గ్యాసు కాదు. …కాదన్నా. గ్యాసు పోయినేడు పట్టిస్తిమి. అంతకుముందేడూ పట్టిస్తిమి, రెండుమార్లూ నెల నిలవల్యా. లోపల రాగిగొట్టాలు చూపించినాడు, మాటు మీద మాటు, మాటు మీద మాటు, మాటు పెట్టేకి చోటు లేదింగ. "ఇంగ దీనికి గ్యాసు పట్టిస్తే మీ దుడ్లు గాల్లో వదిలినట్టే శెట్టీ" అన్నాడు.

…అదీ అడిగినా. యాడో పాత ఏసీలో నుంచి తీసిన కంప్రెసరు తెచ్చి దీంట్లో వేస్తాడంట. …ఈ ఎండాకాలం దాటిస్తాదా అంటే, "అల్లా చేతిలో ఉండాది" అన్నాడు. …ఆ. వాని చేతిలో లేదంట.

…కొత్తది పెట్టడమే మేలంటాడు. …వానికేం లాభమన్నా? వాడు కొత్తవి అమ్ముతాడా? బాగుచేసేటోడే బాగుచేయను తీసేయండి అంటాంటే ఇంగ నేనెవర్ని పిల్చుకొచ్చేది?

…తెలుసు. నాయన పెట్టించింది.

…తెలుసన్నా. హైదరాబాదు పోయి, లారీలో వరిగడ్డి పరిచి, గుడ్డు మాదిరి తెచ్చినాడు. వీధంతా చూసేకి వచ్చె. …నేనెందుకు మర్సిపోతా? అప్పుడు ఈ ఇంట్లోనే గదా మనముండేది. ఈ రూములోనే గదా పండుకునేది. నువ్వు దాని ముందర, నేను నీ వెనక. గాలంతా నీకు కొట్టేది, చప్పుడంతా నాకు. …నవ్వుతావేం, నిజం గదా.

కానీ ఇప్పుడది గాలీ ఇయ్యదు, చప్పుడూ ఇయ్యదు. గోడలో పెట్టిన ఇనుప డబ్బా అయిపోయింది. నాయన బతికుంటే ఆయనే తీసేయమనేటోడు. …సరే, నాయన మాట తీయను. తీయల్యా.

నువ్వు ఏదో ఒకటి చెప్పు. పాతది తీసేద్దామా? మాబాషాకు ఒక మాట చెప్తే సాయంత్రానికి వచ్చి తీస్కపోతాడు.

…అవును, శుక్రవారమే.

…శుక్రవారం ఇంట్లో వస్తువు బయటికి పంపకూడదు. సరే. …ఊరికే అడుగుతాండా, చెడిపోయిన ఏసీలో లక్ష్మీదేవి ఉంటాదా అన్నా? …తప్పు, తప్పు. లెంపలేసుకుంటాండా. చూడు, చప్పుడు వినపడిందా?

అట్లయితే పాతది దాని పాటికి దాన్ని ఉండనీ. రేపు పొద్దున్నే పోయి కొత్తది తెస్తా.

…శనివారం ఇనుము కొనకూడదు.

…ఏసీ ఇనుమేనంటావా? ముందరంతా ప్లాస్టిక్కే గదా కనపడేది. …లోపల ఇనుమే. సరే. నువ్వన్నాక ఇనుమే.

…ఆదివారం అంగళ్లు మూత. …సోమవారం? …ఓ, అమావాస్య. …మంగళవారం సంగతి నేను అడగనే అడగను. …బుధవారం నువ్వు తిరుపతికి పోతాండావు. …అంటే నువ్వు దిగేది బేస్తవారం. …బేస్తవారం వచ్చినాక "చూద్దాం".

అంతవరకూ నేను ఈడ్నే ఉండాల్నా అన్నా?

…నవ్వులాటకు కాదు, నిజంగా అడుగుతాండా. ఈయమ్మ తీయదు. నాకు తెలుసు ఈయమ్మ సంగతి. మన బాబు ఎక్కం తప్పు చెప్పినాడని బడి విడిచినాక కూడ కూర్చోబెట్టుకొనె, గుర్తుందా? వాడు ఎక్కం సరిగ్గా చెప్పినాకనే ఇంటికొచ్చె. నాకూ అదే గతి పట్టింది. నా ఎక్కమేమో నీ దగ్గర ఉండాది.

— టీచరమ్మా! …అమ్మా, మా అన్న బేస్తవారం మాట్లాడదామంటాండాడు.

…గింజలు తీస్తానే ఉండాది.

…కూలరా? ఉండు, అడుగుతా. — టీచరమ్మా, అంతవరకూ ఒక కూలరు పెట్టిస్తే… …ఆహా. …ఆహా, సరే. — అన్నా, కూలరు ఉండాదంట. …ఈడ్నే, మంచం కింద ఉండాది, ఇప్పుడు వంగి చూసినా. కూలరుకు నీళ్లు కావాల గదా. కొళాయి దినం మార్చి దినం వస్తాంది, వచ్చినా రొంతసేపే. …బోరు? బోరు ఎండిపోయిందని మూతేపిస్తివి గదా. …నువ్వే. …మళ్ల ఎవరు?

…వట్టివేళ్ల తడికెలు? వాటికీ నీళ్లే కావాలన్నా.

…అరే, నన్నెందుకు తిడ్తావు? నేనేం చేస్తి? నీ మాట ఆయమ్మకు చెప్తాండా, ఆయమ్మ మాట నీకు చెప్తాండా. ఇంటికిపోతే విద్య "ఏమండీ, మీకంటూ ఒక మాట ఉండదా" అంటాది. నీ దగ్గరికొస్తే "వానికేం తెలీదు" అంటావు. ఈడికొస్తే గడియ పెడ్తారు. యాడికి పోవాల నేను?

…సరే. …సరేలే. ఉడుకుకు నోరు జారింది. ఏమనుకోవద్దు.

ఒక్క నిమిషం. …ఉండన్నా, ఒక్క నిమిషం.

— ఏంది ప్రసాదప్పా? …తలకాయా? …నొప్పా? నీళ్లు కావాల్నా? …ఏమప్పా, ఇట్ల చూడు. ఇట్ల చూడప్పా. — టీచరమ్మా! టీచరమ్మా, బిన్నా రాండి! ప్రసాదుకు ఏమో అవుతాంది, ముఖం ఎర్రగైపోయింది!

…లేదన్నా, నీతో కాదు.

…తలుపు తీసింది. …వచ్చింది. చెంబుతో నీళ్లు తెచ్చింది, గుడ్డ తెచ్చింది. తుడుస్తాంది. …ఏమో, నాకేం తెలుసు? చెయ్యి పట్టుకుంటి, పెనం మాదిరి కాల్తాంది.

…ఇప్పుడే వచ్చేయమంటావా? …తలుపు తీసుండాదని? …ఆగన్నా. …ఆగన్నా నువ్వు!

— టీచరమ్మా, జ్వరమా? డాక్టరును పిల్చుకోని రావాల్నా? …కాదా? …ఏమీ? …మళ్ల చెప్పండి.

…

అన్నా.

చెమట పట్టదంట.

…అలవాటై కాదు. నేను తప్పుగా చూసినా, నీకు తప్పుగా చెప్పినా. ఆయప్పకు చెమట పట్టదు. ఆ బండ పడినప్పుడు వెన్నులో నరం తెగి, రొమ్ము నుంచి కిందికి ఒంటికి చెమట పట్టేదే పోయిందంట. చెమట పడ్తేనే గదన్నా ఒళ్లు చల్లబడేది? నాకు ఇంతసేపూ కారిపోయింది, అందుకే నేను బాగుండా. ఆయప్పకు ఎక్కిన వేడి ఎక్కినట్టే లోపల నిలిచిపోతాది. బయటికి దావ లేదు దానికి. …గుడ్డ తడిపి తుడుస్తా ఉంటేనే, అదే చెమట అనుకోవాలంట ఆయప్పకు. రొంతసేపు తుడిచేది ఆపినా ఇట్లైతాడంట, మన మాటలు ఇంతసేపు సాగుతాయని ఆయమ్మ అనుకోలేదంట.

నేను ఆయప్ప పొట్ట చూసి "హాయిగా ఉండాడు" అంటి నీతో. ఛీ.

…పోయినేడు మే నెలంతా పెద్దాస్పత్రిలో పెట్టుకున్నారంట. …అదే గదా నేనూ అడుగుతాండా.

— టీచరమ్మా, ఈ మాట మాకు ముందరే చెప్పుంటే… …చెప్పినారా? ఎవరికి?

…

అన్నా, నీకు చెప్పినారంట.

…బాడిగ ఇయ్యను అంగడికి వచ్చినప్పుడు. నీ ముందర నిలబడి, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పిందంట. …గుర్తులేదా?

…గుర్తుండాదా!

…గుర్తుండి కూడనా అన్నా?

…ఏ ఫైనాన్సోళ్లు? …ఈ ఇల్లు వాళ్ల ఆఫీసుకు బాడిగకా? …పైనా కిందా రెండూ కలిపి. …ఎప్పట్నుంచి అడుగుతాండారు? …నాకు చెప్పనే చెప్పకపోతివే. …ఆ. …ఆ, విన్నా. …మనం పొమ్మనే పని లేదు. …నోటికి చెడ్డ కాకుండా. …ఈ మే నెల ఏసీ లేకుండా ఎట్లోగట్ల లాగితే వాళ్లే ఖాళీ… అన్నా. అన్నా, మెల్లగ. …అన్నా, ఆపు.

ఆపన్నా.

…వినపడింది.

…ఆయప్పకు. ఆయమ్మకు. ఇద్దరికీ. …చెప్తి గదా, ఈ ఫోను బయటికి వినపడతాదని. మొదట్లోనే చెప్తి గదా.

…ఆయమ్మ గుడ్డ తడుపుతాంది. ఆయప్ప కండ్లు మూసుకున్నాడు. …ఏమన్నా అంటే బాగుండు. తిట్టినా బాగుండు.

…

ఉండా. లైనులోనే ఉండా.

అయితే ఈ శుక్రవారాలు, శనివారాలు, అమావాస్య… అవన్నీ ఊరికేనా? …అవీ నిజమే, ఇదీ నిజమేనా. రెండూ కలిసొచ్చినాయి నీకు.

మళ్ల నన్నెందుకు పంపిస్తివి అన్నా? "పోయి మాబాషాకు చూపించి రా" అని నువ్వే గదా అంటివి. …ఓహో. చూపించినట్టుండాల. చేస్తాండారనుకోవాల వాళ్లు. …నాకు చెప్తే నా ముఖంలో తెలిసిపోతాది. అవును, తెలిసిపోతాది. అందుకని నాకు తెలీకుండా నన్నే పంపిస్తివి. "మా అన్నను అడిగి చెప్తా" అని నేను నిజంగానే చెప్తాంటినన్నా. నిజంగానే వచ్చి అడుగుతాంటి నిన్ను. నువ్వు "చూద్దాం" అంటే నిజంగానే చూస్తావనుకుంటి.

సిగ్గవుతాంది నాకు. ఈ బనీను మీద, ఈ ఇద్దరి ముందర. నేను వాళ్లకు ఏం ముఖం చూపించాల?

…తలుపా? తీసే ఉండాది. …టీచరమ్మ కూడ అదే అంటాంది. "పోండి శెట్టిగారూ, తేలిపాయె గదా" అంటాంది. …చెప్పులు కూడ కనపడతాండాయి ఈడికి. వాకిట్లోనే ఉండాయి.

…పోను.

…ఎందుకంటే ఏం చెప్పాల? గడియ ఉన్నప్పుడు ఎప్పుడెప్పుడు తీస్తాదా అని చూస్తి. ఇప్పుడు తీస్తే లేయలేకపోతాండా. పోయి యాడ కూర్చోవాల? మన అంగట్లోనా, ఏసీ కిందనా?

…నన్ను పిచ్చోడనుకో, ఏమన్నా అనుకో.

— ఆ గుడ్డ ఇట్లీయండి టీచరమ్మా. …నేను తుడుస్తా. మీరు రొంతసేపు వరండాలో కూర్చోండి, మీ ముఖం కూడ ఎర్రగైంది. …ఇయ్యండమ్మా. …తెలుసు, నేను ఎప్పుడూ చేయల్యా. చూపించండి, చేస్తా. …రొమ్ము మీద నుంచి కిందికి. సరే. …చంకల్లో కూడనా? సరే.

…ఆ అన్నా, నేనే. తుడుస్తాండా. …చెప్పుకోనీ. శెట్టి బాడిగ ఇంట్లో ఒళ్లు తుడుస్తాండాడని ఊరంతా చెప్పుకోనీ. గడియ పెట్టినారని చెప్పుకోవడం కన్నా ఇదే మేలు.

— సల్లగుండాదా ప్రసాదప్పా? …ఇంగ రొంత పిండాల్నా? సరే.

అన్నా, నా రూములో ఏసీ ఉండాది గదా.

…మనింట్లో. నా రూములోది. అదీ గోడలో పెట్టేదే, ఈ సందులో సరిపోతాది. విద్య పిల్లోళ్లను తీసుకొని వేంపల్లెకు పోయింది, సెలవులు అయ్యేదాకా రాదు. ఆ రూములో నేనొక్కణ్నే. నేను మిద్దె మీద పండుకుంటా. చిన్నప్పుడు మనిద్దరం పండుకోల్యా? దాన్ని తెచ్చి ఈడ పెట్టిస్తా.

…ఇయ్యాలే. సాయంత్రం. మాబాషాకు ఫోను చేస్తే తోపుడుబండి మీద వేసుకొస్తాడు.

…శుక్రవారమే. అయితే ఏం? బయటికి యాడ పోతాందన్నా? మన ఇంట్లోది మన ఇంట్లోకే పోతాంది. ఇది మన ఇల్లు కాదా? ఇంతసేపూ నాయన ఇల్లు, నాయన ఏసీ అంటివి గదా. …కొనేదీ లేదు. కొనకపోతే శనివారం ఏమడుగుతాది? …నాయన ఏసీనా? పారేయను. అదే బండి మీద మనింటికి తెస్తా, మిద్దె మీద నా పక్కన పెట్టుకుంటా. చిన్నప్పుడు నీ వెనక పండుకుంటి గదా, ఇప్పుడు దాని ముందరే పండుకుంటా. గాలి రాకపోయినా.

…విద్యనా? వచ్చి తిడ్తాది. తిట్లు తింటా. తిట్టి తిట్టి, ఎందుకు తీసినావని అడుగుతాది. అప్పుడు ఈ రూముకు పిల్చుకోని వస్తా. ఈడికొచ్చినాక తిట్టదు. నాకు తెలుసు నా పెండ్లాం.

…ఎవర్నీ అడగల్యా.

…నిన్ను అడగడం ల్యా అన్నా. నీకు చెప్తాండా.

…

అరుచుకో. ఎంతైనా అరుచుకో. ఇంగ వినాల్సిందంతా వాళ్లు వినేసినారు.

…ఫైనాన్సోళ్లా? వాళ్లతో ఏమన్నా చెప్పుకో. ఈ ఇంట్లోళ్లను పొమ్మని చెప్పాలంటే మాత్రం నువ్వే రా. బేస్తవారమో, మంచిరోజు చూసుకొనో రా. చొక్కా వేసుకోని, ఈ తలుపు మూసి, నేను కూర్చున్న కుర్చీలోనే కూర్చో. ఆయప్ప ముఖం చూసి చెప్పు. నా నోటితో చెప్పించద్దు. "మా అన్నను అడిగి" అనే మాట ఇంగ నా నోట్లో నుంచి రాదు.

…వాటాల మాటా? …ఒక ఏసీకి వాటాల దాకా పోతివా అన్నా. …సరే. తే. వచ్చినాక కూర్చుందాం.

…ధైర్యం కాదు. నాకేం ధైర్యం. గుడ్డ పిండేది కూడ సరిగ్గా రాదు, నీళ్లన్నీ మంచం మీదనే పడ్తాండాయి. మీరొచ్చినాక ఇంట్లో వదిన ముఖం చూడాల, అంగట్లో నీ పక్కనే కూర్చోవాల, దినామూ. నేను యాడికీ పోలేను, తెలుసు నాకు. ఈ తలుపు ఒకటే తీసుండేది.

— ఏంది ప్రసాదప్పా? …కండ్లు తెరిసినాడు అన్నా. — ఏమంటాండావప్పా? …నా తల మీద కూడ రొంత పోసుకోమంటాడు నీళ్లు. నా ముఖం ఆయప్పకంటే ఎర్రగుండాదంట.

…నవ్వల్యా. ఏమో, ఏడుస్తాండానేమో. చెమటో ఏందో, అంతా ఒకటే ఉండాది ఈడ.

సరే అన్నా, ఉంటా. మాబాషా నమాజుకు పోయేలోగా దొరకాల, మళ్ల దొరకడు. నాకాడ ఇదొకటే ఫోను.

…మాట అయిపోల్యా నీది? …తెలుసు అయిపోల్యా.

…లేదన్నా, సిగ్నలు పోవడం ల్యా. బాగా వినపడతాండావు. ఎప్పుడూ ఇంత బాగా వినపడల్యా.

…ఫోను ఎవరు పెడ్తాండారా?

నేనే.